తలుపు తెరవని పార్టీ, ఇల్లు కదలని హీరో

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే బాధ. ఆట మొదలైంది, కథ బాగుంది, కొత్త డైస్ కూడా కొన్నారు, కానీ ఆటగాళ్లు మాత్రం అడుగు ముందుకు వేయరు. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక్క మాట: ఇది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ గురించి. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుంటారు, ఆ పాత్రల జట్టునే పార్టీ అంటారు, ఒకరు డీఎంగా ఉండి మిగతా లోకమంతా నడుపుతారు, నోటిమాటతో, డైస్‌తో కథ సాగుతుంది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన ఈ ఆట 1974లో బయటికొచ్చింది. కింద నేను చెప్పే లెక్కలు 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌వి, రాసినవాళ్లంతా అదే ఆడుతున్నారు కాబట్టి.

ప్రశ్న: మేం ఆఫీసు ఫ్రెండ్స్ ఐదుగురం శనివారాలు ఆడతాం, నేనే డీఎం. పోయిన సెషన్లో పాడుబడ్డ కోట కింద ఒక తలుపు దగ్గర గంటకు పైగా ఆగిపోయారు. దానికి ట్రాప్ లేదు, తాళం కూడా లేదు. చెవి ఆనించి విన్నారు, కింద సందులోంచి అద్దం పెట్టి చూశారు, గడియకు తాడు కట్టి దూరం నుంచి లాగుదామన్నారు, చివరికి ముందు మేకను పంపుదామని ఇద్దరు ఊళ్లోకి వెళ్లి కొనుక్కొచ్చారు. లోపల ఉన్నది ఖాళీ గది. నాకు ఏడుపొక్కటే తక్కువ. వీళ్లను ఎలా కదిలించాలి? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ వాళ్లది ఏ లెవెలో రాయలేదు. ఒకటో రెండో అయితే వాళ్ల భయంలో న్యాయం ఉంది. ఒకటో లెవెల్ విజార్డ్‌కు (మంత్రగాడికి) ఉండేవి 6 హిట్ పాయింట్లు, అంటే దెబ్బలు తట్టుకునే ప్రాణబలం, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం) బాగుంటే ఇంకో రెండు మూడు. మామూలు గోబ్లిన్ (చిన్నపాటి రాక్షసుడు) కత్తి తగిలితే 1డీ6+2, అంటే ఆరు ముఖాల డైస్ మీద పడ్డదానికి రెండు కలిపి, 3 నుంచి 8 దాకా పోతాయి. ఒక్క దెబ్బకు పడిపోయే మనిషి తలుపు దగ్గర ఆగడం పిరికితనం కాదు, కీడెంచి మేలెంచమన్నారు కదా.

లెవెల్ సంగతి అలా ఉంచితే, ఇంతకుముందు వాళ్లకు మీ చేతిలోగానీ వేరే డీఎం దగ్గరగానీ ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఏ సూచనా లేకుండా నేల తెరుచుకుని ఎవరైనా గోతిలో పడ్డారా? పెట్టె ముట్టుకోగానే విషపు సూది గుచ్చుకుందా? "నువ్వు వెతుకుతున్నానని చెప్పలేదుగా" అన్న మాట ఒక్కసారి చెవిన పడితే చాలు, ఆ ఆటగాడు ఇక జన్మలో ప్రతి ఇటుకనూ తడిమి చూస్తానని చెప్తూనే ఉంటాడు. జాగ్రత్త వాళ్ల స్వభావం కాకపోవచ్చు, ఆట వాళ్లకు నేర్పిన పాఠం అయ్యుండొచ్చు. ఈ ఆటలో అలాంటి పాఠాలకు పాత చరిత్రే ఉంది. గైగాక్స్ 1975లో ఆరిజిన్స్ అనే ఆటల సమావేశంలో ఆడించి, 1978లో అచ్చువేసిన టూంబ్ ఆఫ్ హారర్స్ అనే అడ్వెంచర్‌లో గోడ మీద పచ్చని రాక్షస ముఖం ఉంటుంది, నోరు తెరిచి, లోపల చిమ్మచీకటి. అదేదో దారి అనుకుని దూరినవాడు దూరినట్టే మాయమైపోతాడు, డైస్ వేసే అవకాశం కూడా ఉండదు. తలపండిన ఆటగాళ్ల తెలివిని పరీక్షించడానికి రాసింది అది. ఆ పద్ధతి తెచ్చి నెలలతరబడి సాగే కథలో పెడితే, వచ్చేది మీరు చూసిన మేకే.

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. పాత ఆటలో జాగ్రత్తకు ఖరీదు ఉండేది. ఈ ఆటకే 1981లో వచ్చిన బేసిక్ సెట్ రూల్స్ ప్రకారం డంజియన్‌లో, అంటే పార్టీ దిగే నేలమాళిగల్లో, కాలాన్ని పది నిమిషాల టర్నులుగా లెక్కపెట్టేవాళ్లు. పది అడుగుల చదరం వెతకడానికి ఒక టర్ను. ఆరు టర్నులకు కాగడా ఆరిపోతుంది. రెండు టర్నులకోసారి డీఎం ఆరు ముఖాల డైస్ వేస్తాడు, 1 పడిందంటే తిరుగుతున్న జంతువో దెయ్యమో వచ్చి మీద పడుతుంది. అంటే గోడ తడుముతూ కూర్చుంటే ట్రాప్ దొరకొచ్చు, వెలుతురు మాత్రం పోతుంది. ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలన్నదే ఆటలో మజా. ఇప్పుడు మనలో ఎక్కువమంది కాగడాలు లెక్కపెట్టరు, తిరిగే జంతువులకు డైస్ వేయరు. దాంతో వెతకడానికి పైసా ఖర్చు లేదు, వెతక్కపోతే ప్రాణం పోవచ్చు. ఈ లెక్కలో మీనమేషాలు లెక్కపెట్టడమే తెలివైన పని, మీ వాళ్లు అదే చేశారు.

కాబట్టి వాళ్లను మార్చాలని చూడకండి, ఆ లెక్కను మార్చండి. మొదటి పని, ట్రాప్‌ను దాచడం మానేయండి. ట్రాప్ ఉందని కనిపించనివ్వండి, దాన్ని ఎలా దాటాలన్నదే చిక్కుముడి కావాలి. నేనైతే ఇలా వర్ణిస్తాను: "వరండా ఇరవై అడుగులు ఉంటుంది. రెండు గోడల్లోనూ మోకాలి ఎత్తులో వేలు పట్టేంత రంధ్రాలు వరుసగా ఉన్నాయి. మధ్యలో ఒక ఎముకల గూడు బోర్లా పడి ఉంది, దాని కాలిఎముకలో తుప్పుపట్టిన బాణం ములికి దిగి ఉంది. దానికి అటువైపు నేల మీద దుమ్ములో అడుగుజాడలు ఉన్నాయి, ఇటువైపు లేవు." చూడండి, ఇక్కడ ఎవరూ పర్సెప్షన్ (ఏదైనా కంటపడిందా అని చూసే) డైస్ వేయలేదు, కానీ బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ముందుకు వంగుతారు. ఒకరు డాలు అడ్డం పెట్టి పాకుదామంటారు, ఇంకొకరు అటునుంచి ఎవరో వచ్చి వెళ్లారంటే వేరే దారి ఉందంటారు. ఇలా నాలుగుసార్లు జరిగితే, గుర్తు కనిపించని చోట ప్రమాదం లేదని వాళ్లకు నమ్మకం కుదురుతుంది, మామూలు తలుపును మామూలుగా తోస్తారు. ఆ నమ్మకాన్ని మాత్రం మీరు వమ్ము చేయకూడదు, ఒక్కసారి సూచన లేకుండా చంపారంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది, కాలాన్ని కళ్లముందు పెట్టండి. ఒక కాగితం మీద వృత్తం గీసి ఆరు ముక్కలు చేసి బల్ల మధ్యలో ఉంచండి, పైన "పూజారి క్రతువు పూర్తవుతుంది" అని రాయండి. పది నిమిషాలు పట్టే పని చేసినప్పుడల్లా ఒక ముక్క పెన్సిల్‌తో నింపండి. దీన్ని రహస్యంగా చేస్తే ఉపయోగం లేదు, బహిరంగంగా నింపాలి. నాలుగో ముక్క నిండేసరికి వాళ్లలో వాళ్లే "ఇక పదండ్రా" అంటారు.

మూడోది మరీ సులువు, నోరు తెరిచి చెప్పేయండి. "మీరు చూడాల్సినవన్నీ చూశారు, ఇది మామూలు తలుపు." ఇలా చెప్తే ఆటలో థ్రిల్ పోతుందని కొందరు డీఎంలు భయపడతారు. ఖాళీ గది ముందు గంటసేపు పోయిన థ్రిల్ కంటే అది ఎక్కువేం కాదు. శనివారం రాత్రి మీ ఐదుగురికీ దొరికేది మూడు నాలుగు గంటలు, అది తలుపుకు ఇవ్వకండి.

మేకను మాత్రం ఏం చేయకండి. దానికి ఒక పేరు పెట్టి ఉంటారు ఈపాటికి. ఆటగాళ్లు తమంతట తాము ప్రేమించిన వస్తువు ఏదైనా కథకు దొరికిన ఆస్తే.

ప్రశ్న: మాది అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల గ్రూపు, ఆన్‌లైన్‌లో ఆడతాం. ఒక ఆటగాడు ప్రతి అడ్వెంచర్‌కూ "నా పాత్ర ఇలాంటి వాటికి వెళ్లదండీ, అతనికేం అవసరం?" అంటాడు. బ్యాక్‌స్టోరీ మూడు పేజీలు రాశాడు: తల్లిదండ్రులు చనిపోయారు, ఊరు తగలబడిపోయింది, ఎవర్నీ నమ్మడు, ఒంటరి. ఎంత డబ్బిస్తామన్నా వద్దంటాడు. అతనికోసం ప్రతిసారీ అందరం బతిమాలాల్సి వస్తోంది. (డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆ మూడు పేజీలు మళ్లీ చదవండి. అమ్మ లేదు, నాన్న లేడు, ఊరు లేదు, స్నేహితుడు లేడు. అంటే డీఎం పట్టుకోవడానికి ఒక్క కొస కూడా లేదు. ఇలాంటి పాత్రలు రాసేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒక డీఎం చేతిలో దెబ్బతిన్నవాళ్లే. చెల్లెలు ఉందని రాస్తే రెండో సెషన్లోనే ఆమెను ఎత్తుకుపోయారు, గురువు ఉన్నాడంటే ఆయన్ను చంపి ఆ శవంతో కథ మొదలుపెట్టారు. దాంతో తర్వాతి పాత్రకు ఎవరూ లేకుండా చేసుకున్నాడు. పైన హైదరాబాద్ పార్టీ తలుపు దగ్గర చూపించిన జాగ్రత్తను ఇతను కుటుంబం విషయంలో చూపిస్తున్నాడు, అంతే తేడా.

"ఎందుకు వెళ్లాలి" అన్న ప్రశ్న పాత ఆటలో ఇంతగా వచ్చేది కాదు, ఎందుకంటే రూలే జవాబు చెప్పేసేది. బంగారు నాణెం ఒకటి బయటికి తెస్తే ఒక ఎక్స్‌పీరియన్స్ పాయింట్. రాక్షసుల్ని చంపితే వచ్చేది చాలా తక్కువ. పాత్ర మంచివాడో చెడ్డవాడో గానీ, లెవెల్ పెరగాలంటే నేల కిందికి దిగాలి, నిధి మోసుకురావాలి. ఇప్పుడు మనం కథ మైలురాళ్లకు లెవెల్ ఇస్తున్నాం, బంగారం వస్తువులు కొనడానికి తప్ప దేనికీ అక్కరకు రాదు, మరి డబ్బు ఆశ చూపిస్తే అతను కదలకపోవడంలో వింతేముంది? రూల్ వదిలేసిన ఖాళీని పాత్ర కోరికతో నింపాలి. 2014 పుస్తకంలో ప్రతి పాత్రకూ ఆదర్శం, బంధం, బలహీనత రాసుకోమన్నారు గానీ చాలామంది టేబుల్ చూసి డైస్ వేసి రాసేసి మళ్లీ ఆ గడి వైపు చూడరు. బర్నింగ్ వీల్ అనే ఇంకో ఆట దీన్ని గట్టిగా పట్టుకుంది. అందులో ఆటగాడు తన పాత్రకు మూడు నమ్మకాలు రాసుకుంటాడు, వాటి వెంట పడితేనే బహుమతి పాయింట్లు వస్తాయి, డీఎం పని ఆ నమ్మకాలకు అడ్డం పడటం. మీరు ఆట మార్చక్కర్లేదు, ఆ పద్ధతి అరువు తెచ్చుకోండి.

అతనికి విడిగా ఫోన్ చేయండి, గ్రూపు ముందు వద్దు. గతం గురించి అడగకండి, అది మూడు పేజీలుంది. ఇప్పటి సంగతి అడగండి. ఈ ఊళ్లో అతను ఎవరి దగ్గర తింటాడు? ఎవరికి ఏం బాకీ ఉన్నాడు? వచ్చే అమావాస్యలోపు అతనికి ఏం కావాలి? "శాంతి కావాలి", "పగ తీర్చుకోవాలి" లాంటి పెద్ద మాటలు ఒప్పుకోకండి, చేత్తో పట్టుకోగలిగేది చెప్పమనండి. ఉదాహరణకు, తగలబడిన ఊళ్లో గుడి గంట ఒక్కటే మిగిలింది, దాన్ని ఎవరో వ్యాపారి పాత ఇనుము కింద కొనుక్కుపోయాడు, అది తిరిగి తెచ్చుకోవాలి. అబ్బ, ఇది దొరికితే ఎంత పని అవుతుందో చూడండి! వ్యాపారి ఉన్న ఊరికే మిగతా పార్టీ వెళ్తోంది. గంట ఇప్పుడు ఎవరో దొర కోట మీద వేలాడుతోంది. దొర దగ్గరికి చేరాలంటే అతని పనొకటి చేసిపెట్టాలి. ఇప్పుడు అతన్ని ఎవరూ బతిమాలక్కర్లేదు, అతనే మిగతావాళ్లను బతిమాలతాడు.

ఆ ఫోన్‌లోనే ఒక మాట కూడా ఇవ్వండి: నువ్వు ప్రేమించేవాళ్లను నేను ఊరికే చంపను, ఎత్తుకుపోను. ఆ మాట నిలబెట్టుకోండి. అతని బంధాల వల్ల అతనికి మేలు కూడా జరగాలి. అన్నం పెట్టే పూటకూళ్లమ్మే ఒక రాత్రి ఇతన్ని సైనికుల నుంచి దాచిపెట్టిందనుకోండి, తర్వాత ఆమెకు కష్టమొస్తే అతను ఆలోచించకుండా లేస్తాడు.

ఇదంతా చేశాక కూడా కదలకపోతే, సూటిగా అడగాల్సిందే. సాహసానికి వెళ్లే పాత్రను తయారుచేసుకోవడం ఆటగాడి బాధ్యత, డీఎంది కాదు. "నా పాత్ర అలాంటివాడు కాదు" అన్నప్పుడు "అయితే ఈ పాత్ర ఇక్కడ ఇల్లు కట్టుకుని ఉండిపోతాడు, వెళ్లేవాడిని ఒకడిని తయారుచేద్దామా?" అని మెల్లగా అనండి, కోపంతో కాదు. కొత్త క్యాంపెయిన్ (నెలలతరబడి సాగే కథ) పెట్టేటప్పుడైతే సెషన్ జీరోలోనే, అంటే ఆటకు ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే రోజే, పాత్రల షీట్లు నింపకముందే ఇది అందరికీ చెప్పేయాలి. ఒంటరివాడు అయినా పర్లేదు, ఈ నలుగురిలో ఒక్కరితోనైనా ముందే సంబంధం ఉండాలి.

ప్రశ్న: మా వాళ్లు ప్రతిదానికీ తాత్సారం చేస్తున్నారు. ఆలస్యం చేసినందుకు ఒక పాత్రను చంపేస్తే బుద్ధొచ్చి కదులుతారా?

జవాబు: కదలరు. ఇంకా గట్టిగా బిగుసుకుపోతారు. ఆలస్యానికి ఫలితం ఉండాలి, నిజమే, కానీ అది లోకంలో కనిపించాలి: వంతెన కూలింది, బందీలను వేరే చోటికి తరలించారు, శత్రువుకు వార్త అందింది. అలాంటివి పార్టీని ముందుకు నెడతాయి. చావు వెనక్కి లాగుతుంది.

ప్రశ్న: నేను డీఎంను కాదు. మా పార్టీలో జాగ్రత్త పడేది నేనే, అందుకే అందరూ నా మీద విసుక్కుంటారు. నా క్లెరిక్‌ను (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) రెండేళ్లుగా ఆడుతున్నాను, ఆమె చనిపోతుందేమోనని నిజంగా టెన్షన్ వస్తుంది. నేను మారాలా? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెండేళ్లు ఒక మనిషిని ఊహించి, ఆమె గొంతుతో మాట్లాడి, ఆమె దేవుడికి మొక్కుకుని, ఇప్పుడు పోతుందంటే బాధ ఉండదా అమ్మా? ఆ బాధ ఆటకు ప్రాణం. మారక్కర్లేదు, కానీ రెండు మూడు పనులు చేస్తే మీకూ మిగతావాళ్లకూ ఊపిరాడుతుంది.

ముందు రూల్స్ వైపు చూడండి. హిట్ పాయింట్లు సున్నాకు వస్తే మనిషి పోయినట్టు కాదు. పోరాటంలో తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల డైస్ వేస్తారు, 10 లేదా పైన పడితే గెలుపు, మూడు గెలుపులు వస్తే నిలకడ, మూడు ఓటములు వస్తేనే చావు. 1 పడితే రెండు ఓటముల కింద లెక్క, 20 పడితే ఒక హిట్ పాయింట్‌తో స్పృహ వస్తుంది. ఈలోపు ఎవరైనా వైద్యం చేస్తే చాలు. ఐదో లెవెల్ క్లెరిక్‌కు రివివిఫై అనే మంత్రం దొరుకుతుంది, చనిపోయిన నిమిషంలోపు 300 బంగారు నాణేల విలువచేసే వజ్రాలు వాడి బతికించొచ్చు. మీ పార్టీలో ఆ మంత్రం తెలిసింది మీ ఒక్కరికే అయ్యుంటుంది, అంటే మీరు పడిపోతే లేపేవాళ్లు లేరు. మీ భయంలో సగం అక్కడిదే కావచ్చు. పార్టీ డబ్బుతో ఒక రివివిఫై స్క్రోల్ (ఆ మంత్రం రాసిన కాగితపు చుట్ట) సంపాదించమని అడగండి. బార్డ్‌కు (పాటలతో మంత్రాలు వేసేవాడికి) ఆ మంత్రం రాదు కాబట్టి పాలడిన్‌గానీ (దైవదీక్ష ఉన్న యోధుడు), రెండో క్లెరిక్‌గానీ ఉంటే వాళ్ల చేతికివ్వండి. లేకపోతే కిందపడ్డవాళ్ల నోట్లో పోయడానికి హీలింగ్ పోషన్లు తలా ఒకటి దగ్గర పెట్టుకోమనండి. ఇది అక్షరాలా మీ ప్రాణం విషయం, మొహమాటపడకండి.

రెండోది, ఆ భయాన్ని మీ దగ్గర ఉంచుకోకుండా ఆమెకు ఇచ్చేయండి. "ఆగండి, ఇది ప్రమాదం" అని మీరంటే బల్ల దగ్గర విసుగు. "పోయినసారి ఇలాంటి మెట్ల దగ్గరే నా శిష్యుణ్ని పోగొట్టుకున్నాను" అని ఆమె అంటే అది సన్నివేశం, పక్కనున్న ఫైటర్ ఆడే అబ్బాయికి కూడా జవాబివ్వడానికి ఏదో దొరుకుతుంది. ఆపై ఒక హద్దు పెట్టుకోండి: డీఎంను రెండు ప్రశ్నలు అడుగుతాను, తర్వాత ఏదో ఒకటి చేస్తాను. ప్రశ్నలు కూడా "ఇక్కడ ట్రాప్ ఉందా" అని కాకుండా "ఇక్కడ చివరిసారి ఎవరు నడిచినట్టుంది" అన్నట్టు అడిగితే వచ్చే జవాబులో కథ ఉంటుంది.

డీఎంతో ఒకసారి విడిగా మాట్లాడండి, ఈ పాత్ర ఏదో దారిన పోయే గోబ్లిన్ చేతిలో పోతే తట్టుకోలేనని చెప్పండి. మంచి డీఎం ఎవరైనా ఆ మాట విలువ తెలుసుకుంటారు.

ప్రశ్న: మా వాళ్లు కోటలో దూరి దొంగతనం చేయాలి. మూడు సెషన్లుగా ప్లానే వేస్తున్నారు, ఎక్కడి గొంగళి అక్కడే ఉంది. ఏం చేయాలి?

జవాబు: ప్లాన్ వేయడం వాళ్లకు ఇష్టమైతే అది కూడా ఆటే, కానీ మూడు సెషన్లంటే ఎవరికో ఒకరికి విసుగొచ్చే ఉంటుంది. 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే దొంగల ఆటలో దీనికి చక్కటి ఉపాయం ఉంది. అక్కడ ప్లాన్ దాదాపు వేయరు, ఎటునుంచి దూరుతారో ఒక్క వివరం చెప్పి నేరుగా పనిలోకి దిగుతారు. మధ్యలో అడ్డంకి వచ్చినప్పుడు ఆటగాడు ఫ్లాష్‌బ్యాక్ అడగొచ్చు: "ఈ కాపలావాడికి నిన్న సాయంత్రమే కల్లు పోయించి మాట్లాడుకున్నాను." అది ఎంత కష్టమైన పనో చూసి దానికి తగ్గ స్ట్రెస్ పాయింట్లు ఖర్చు పెట్టాలి. మీ ఆటలో స్ట్రెస్ లేదు కాబట్టి ఈ దొంగతనం వరకు ఒక్కొక్కరికి రెండు ఫ్లాష్‌బ్యాక్ చీటీలు ఇవ్వండి, వాడినప్పుడు తగిన డైస్ కూడా వేయించండి. ముందే అన్నీ ఊహించాల్సిన పని తప్పిందని తెలిస్తే వాళ్ల భుజాలు తేలికపడతాయి, అదే రాత్రి గోడ దూకుతారు.

ప్రశ్న: ప్రతి పోరాటం తర్వాత మా పార్టీ లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్రలాంటి పూర్తి విశ్రాంతి) అంటుంది. మంత్రాలన్నీ తిరిగొచ్చాకే కదులుతారు. రూల్‌లో తప్పు లేదు కదా అంటారు.

జవాబు: తప్పు ఉంది. 24 గంటల్లో ఒక్క లాంగ్ రెస్ట్ ఫలితమే దక్కుతుంది, అది పుస్తకంలోనే ఉంది. పొద్దున ఎనిమిదికి లేచి తొమ్మిదికి పోరాడి పదికి మళ్లీ పడుకుంటామంటే కుదరదు. ఒక గంట షార్ట్ రెస్ట్ తీసుకుని హిట్ డైస్ (పోయిన హిట్ పాయింట్లు తిరిగి తెచ్చుకోవడానికి వేసే డైస్) వాడుకోమనండి, చాలా పార్టీలు దాన్ని మర్చిపోతాయి. ఇక వాళ్లు నిజంగానే రోజంతా ఆగుతామంటే ఆగనివ్వండి, కానీ ఆ రోజు శత్రువులు ఏం చేశారో ముందే రాసిపెట్టుకోండి. గోబ్లిన్ల కాపలావాళ్లు చచ్చిపడున్నారని గూడెంలో మిగతావాళ్లకు తెలిసి ఉంటుంది, గేటుకు దుంగలు అడ్డం పెట్టి ఉంటారు, లోపలున్న బందీల్లో ఇద్దరిని వెనక దారిన పంపేసి ఉంటారు. మర్నాడు పార్టీ పూర్తి మంత్రాలతో అక్కడికి చేరినప్పుడు ఇవన్నీ వర్ణించండి, ఏమీ అనకండి. ఆ ఇద్దరి అడుగుజాడలు ఎటు వెళ్లాయో మాత్రం కనిపించనివ్వండి.